గుల్లల పళ్లెం, పెళ్లి పీటలు

మా అబ్బాయి రవి పెళ్లి మాటలు జరిగింది మా ఇంట్లోనూ కాదు, పిల్ల ఇంట్లోనూ కాదు. వెల్లింగ్టన్‌లో గలీసియా వంటలు వండే ఒక హోటల్లో. గలీసియా అంటే స్పెయిన్ దేశానికి ఓ మూల, సముద్రాన్ని ఆనుకుని ఉండే సీమ అట. చిన్న చిన్న పళ్లేల్లో రకరకాలు తెచ్చి బల్ల మధ్యలో పెడతారు, కూర్చున్నవాళ్లందరూ అందులోంచే తలాకాస్త తీసుకుంటారు. వాటిని టపాస్ అంటారని రవి చెప్పాడు. పెళ్లి మాటలకి ఇదేం చోటురా అంటే, ఎవరింటికైనా వెళితే మర్యాదలు, మొహమాటాలు, హోటలైతే ఎవరి మీదా భారం ఉండదన్నాడు. సరే అన్నాను. పెళ్లి వాడిది, హోటలు కూడా వాడిష్టమే. నేను పట్టుబట్టాల్సింది వేరే ఉంది.

అప్పుడు మేం పామర్‌స్టన్ నార్త్‌లో ఉండేవాళ్లం. మా ఆయన పోయాక రవి నన్ను తన దగ్గరికి తెచ్చుకున్నాడు. అక్కడి ఆస్పత్రి ల్యాబులో వాడి ఉద్యోగం. పెళ్లికూతురు అనూష వాళ్లు వెల్లింగ్టన్‌లో సెటిల్ అయినవాళ్లు. తండ్రి మురళిగారు, తల్లి విజయలక్ష్మిగారు. సొంతూరు బందరు. పెళ్లి కూడా బందరులోనే అనుకున్నారు. పామర్‌స్టన్ నుంచి వెల్లింగ్టన్‌కి కారులో రెండు గంటల పైమాట. ఎండాకాలం కావడంతో సాయంత్రమైనా పొద్దు ఇంకా ఎత్తునే ఉంది. ఒక పక్క సముద్రం, ఒక పక్క కొండ. దారి పొడుగునా రవి ఏదో చెప్పాలని గొంతు సవరించుకోవడం, మానెయ్యడం. చివరికి అన్నాడు.

"అమ్మా, పీటల మీద బాబాయీ పిన్నీ కూర్చుంటారని చెప్పేశాను వాళ్లకి."

"ఎవర్నడిగి చెప్పేవురా?"

"అడగడానికేముంది? నాన్నగారి సొంత తమ్ముడు. పెద్ద ఆఫీసరుగా రిటైరయ్యారు. వాళ్లూ హ్యాపీ."

"మీ మావయ్యున్నాడు."

"మావయ్య రాకుండా ఉంటాడా? వస్తాడు. పీటలంటే వేరు కదా. ఏం చేస్తారని వాళ్లడుగుతారు."

"అడిగితే చెప్దాం."

"అమ్మా, ప్లీజ్. ఇవాళ సున్నం గొడవ ఎత్తకు."

మాలో భర్త పోయిన ఆడది కొడుకు పెళ్లిలో పీటల మీద కూర్చోదు. వరసైన మొగుడూ పెళ్లాలని ఎవరినో కూర్చోబెడతారు. తల్లీ తండ్రీ చెయ్యాల్సినవన్నీ వాళ్ల చేతుల మీదుగా జరుగుతాయి. ఆ ఆచారం మంచిదా చెడ్డదా అనే పేచీ నేను పెట్టుకోలేదు. నేను కూర్చోకపోతే పోనీ. నా బదులు ఎవరు కూర్చోవాలో మాత్రం నేనే చెప్పాలి. నా తమ్ముడు సూరిబాబు, వాడి పెళ్లాం మంగ. ఈ మాట నేను ఎప్పుడో అనుకున్నాను. రవికి చెప్పడమే ఆలస్యమైంది.

హోటల్ లోపల గోడలు తెల్లగా, బల్లలు మొరటు చెక్కతో ఉన్నాయి. వెల్లుల్లి, వేడి నూనె, దానికింద ఎక్కడో సముద్రపు వాసన. విజయలక్ష్మిగారు లేచి నా చెయ్యి పట్టుకుని, "రండి వదినగారూ, ఈ గాలికి చీర నిలిచిందా?" అన్నారు. మంచి మనిషే అనుకున్నాను. ఇప్పటికీ అదే అంటాను. నేను కూర్చున్న కుర్చీకి ఎదురుగా గోడ మీద ఒక పెద్ద ఫొటో ఉంది. నలుపు తెలుపుల్లో. ఆడవాళ్ల వరస ఒకటి సముద్రంలో నడుముల దాకా దిగి, వంగి, ఒక చేత్తో నీళ్లలో ఏదో తవ్వుతోంది. నడుములకి బుట్టలు కట్టి ఉన్నాయి. తలలకి గుడ్డలు. మొహాలు సరిగ్గా కనబడవు, వీపులే కనబడతాయి. ఆ వీపుల్ని నేను ఎరుగుదును. ఎక్కడో స్పెయిన్‌లో తీసిన ఫొటోలో మా మామ్మ వీపు కనిపిస్తే నేనింక ఆ బల్ల దగ్గర ఉంటానా? మా ఊరు వెళ్లిపోయాను.

కాకినాడకి అవతల, ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట మా ఇల్లు. మాకు పొద్దు పొడవడం, కుంకడం లెక్క కాదు. పోటూ పాటూ లెక్క. నీళ్లు వెనక్కి తీసిన పాటు వేళకి మా అమ్మా మామ్మా బుట్టలు కట్టుకుని దిగేవారు. గుల్లలు కంటికి కనబడవు, బురద లోపల ఉంటాయి. అరికాలితో తడిమి పట్టాలి. కాలికి తగిలింది రాయో గుల్లో తేల్చుకున్నాకే మామ్మ వంగేది. నీళ్లలో ఉన్నంతసేపూ మాట్లాడేది కాదు. ఒడ్డుకొచ్చాక మాత్రం ఆవిడ నోటికి అడ్డుండేది కాదు. తెచ్చిన గుల్లల్ని పెద్ద కుండలో పోసి ఉడకబెడితే ఒక్కొక్కటే నోరు తెరుచుకునేది. దులిపితే లోపలి మాంసం ఒక పక్కకి, చిప్పలు ఒక పక్కకి. చిప్పలు పెరట్లో కుప్ప. ఆ కుప్ప ఎండుతుంటే వచ్చే వాసన మా ఇంటికి అడ్రసు. కొత్తవాళ్లెవరైనా దారి అడిగితే ఊళ్లోవాళ్లు, ముక్కు ఎటు లాగితే అటు పొమ్మనేవారట.

పెరటి వెనక సున్నం బట్టీ. ఒక వరస బొగ్గు, ఒక వరస గుల్ల, మళ్లీ బొగ్గు. కింద నిప్పు పెట్టి, పక్కన చక్రం తిప్పితే గాలి లోపలికి కొడుతుంది. ఆ చక్రం నేనూ సూరిబాబూ తిప్పేవాళ్లం. వాడు తిప్పుతూ పాట అందుకునేవాడు. నాకు పాట రాదు కాబట్టి వాడిని తిట్టేదాన్ని. రెండూ కలిస్తే చక్రం బాగా తిరిగేది. కాలిన గుల్ల చూడ్డానికి గుల్లలాగే ఉంటుంది. దాని మీద నీళ్లు చిలకరిస్తే బుస్సుమని పొగలు కక్కి, చిటపటలాడి, మన కళ్లముందే తెల్లటి పిండై కూలిపోతుంది. చిన్నప్పుడు నాకు దాన్ని మించిన వేడుక లేదు. ఆ పిండిని జల్లించి కుంచాలతో కొలిచి అమ్మేవాళ్లం. చుట్టుపక్కల ఏ ఇల్లు తెల్లబడినా, ఏ తాంబూలం ఎర్రగా పండినా అందులో మా పెరడు ఉండేది. పెళ్లిళ్ల రోజులొస్తే మాకు తినడానికి తీరేది కాదు. కానీ ఆ పెళ్లిళ్లకి మమ్మల్ని పిలిచేవారు కాదు. దాని గురించి మామ్మ ఎప్పుడూ బాధపడలేదు. "మన చెయ్యి పడని గోడ చూపించమను, అప్పుడు బాధపడదాం" అనేది.

సున్నం తినేసిన చేతులు ఎలా ఉంటాయో చూసినవాళ్లకే తెలుస్తుంది. వేళ్ల కణుపుల దగ్గర చీలికలు. ఎంత కొబ్బరినూనె రాసినా ఆ చీలికలు మూసుకోవు. ఆ చేత్తో కారం కూర కలిపితే ప్రాణం పోతుంది. అందుకని మామ్మ గుల్లల కూర తినడానికి ఒక పద్ధతి పెట్టింది. కొన్ని గుల్లలు దులపకుండా చిప్పలతోనే మామిడికాయ పులుసులో వేసేది. ఖాళీ అయిన చిప్పల జంటని రెండు వేళ్ల మధ్య పట్టుకుని, దాంతోనే పటకారులా నొక్కి, తర్వాతి గుల్లలోని మాంసాన్ని పీకి నోట్లో వేసుకునేది. చేతికి కారం తగిలేది కాదు. అన్నం మాత్రం మా అమ్మ గరిటెతో కలిపి ముద్దలు పెట్టేది. మేం పిల్లలం చేతులు బాగున్నా మామ్మని చూసి చిప్పలతోనే తినేవాళ్లం. చిప్పా చిప్పా కొట్టుకునే చప్పుడు తప్ప ఆ కాసేపూ ఇంట్లో ఇంకో చప్పుడు ఉండేది కాదు.

నా పెళ్లయ్యాక అదంతా నోట్లోనే ఉండిపోయింది. మా అత్తవారు కూడా మావాళ్లే. ఒక తరం ముందు బట్టీ వదిలి, చదువుకుని, ఆఫీసుల్లో చేరారు. కాపరానికి వచ్చిన మొదటి వారంలోనే మా అత్తగారు చెప్పేశారు. "ఎవరైనా అడిగితే మీ వాళ్లది వ్యాపారమని చెప్పమ్మా." అలాగే చెబుతూ వచ్చాను. అబద్ధమేం కాదు. సున్నం అమ్మడం వ్యాపారం కాదా? కానీ వ్యాపారం అన్నాక, ఏం వ్యాపారమని తిరిగి అడిగేవాళ్లు రాకుండా చూసుకోవడమే నా కాపరంలో సగం పని అయిపోయింది.

"ఆంటీ, మీరేం తీసుకోలేదు" అని అనూష అనేసరికి మళ్లీ బల్ల దగ్గరికొచ్చాను. అప్పటికే పళ్లేలు దిగిపోయాయి. ఒకదాన్నిండా చిన్న చిన్న పచ్చిమిరపకాయలు, తొడిమలతో సహా నూనెలో వేయించి ఉప్పు జల్లినవి. విజయలక్ష్మిగారు ఒకటి కొరికి, "బజ్జీలు వెయ్యబోయారు, పిండి అయిపోయినట్టుంది" అన్నారు. చెక్కపళ్లెంలో బంగాళదుంప ముక్కల మీద ఎర్రకారం జల్లి ఇంకేదో ఉంది. మురళిగారు దాన్ని ఫోర్కుతో ఎత్తి చూశారు.

"ఏంటమ్మా ఇది, గుండ్రంగా బొడిపెలు?"

"ఆక్టోపస్ నాన్నా. ట్రై చెయ్యి."

"ఎనిమిది కాళ్లున్నదాన్ని ఈ వయసులో నేను అరిగించుకోలేనే."

అందరూ నవ్వారు. నేను తిన్నాను. మెత్తగా, చక్కగా ఉంది. అందరూ ఒకే పళ్లెంలో ఎవరి ఫోర్కు వాళ్లు ముంచితే ఎంగిలి కాదా అని విజయలక్ష్మిగారు విడిగా చెంచాలు తెప్పించారు. ఆ చెంచా పుచ్చుకుని నేను అందరికీ వడ్డించడం మొదలుపెట్టాను. అలవాటు. అనూష నవ్వి, "కూర్చోండి ఆంటీ, ఇక్కడ ఎవరికి వాళ్లే" అంది.

అప్పుడే హోటలావిడ ఇంకో పళ్లెం తెచ్చింది. నెరిసిన జుట్టు, నా వయసే ఉంటుంది. పళ్లెం నిండా గుల్లలు, నోళ్లు తెరుచుకుని, వెల్లుల్లి పులుసులో. నేను ఫొటో వైపు చూడటం ఆవిడ గమనించినట్టుంది. వేలు పెట్టి ఏదో చెప్పింది. రవి తెలుగులో చెప్పాడు. "ఎడమవైపు నుంచి మూడో ఆవిడ వాళ్లమ్మట. జీవితమంతా గుల్లలే ఏరిందట."

అంత దూరం నుంచి వచ్చి, ఇంకో దేశంలో హోటల్ పెట్టుకుని, తలుపు తీసిన ప్రతివాడికీ మొదట కనబడేలా తల్లి వీపుని గోడకి తగిలించుకుంది ఆ మనిషి. నేనైతే మా మామ్మ ఫొటో ఒక్కటీ ఇంట్లో పెట్టుకోలేదు. అసలు ఆవిడకి ఫొటో తీసినవాళ్లే లేరనుకోండి.

విజయలక్ష్మిగారు పళ్లెం చూసి కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నారు. "ఇవెవరు చెప్పారే? మా బందరులో ఇవి సున్నం బట్టీల వాళ్లు తినేవాళ్లు. మా నాన్నగారు మమ్మల్ని ఆ వీధి వైపే వెళ్లనిచ్చేవారు కాదు. ఆ వాసన భరించలేం వదినగారూ." ఆవిడ మాటలో వెక్కిరింత లేదు. వాన పడింది అన్నట్టు అన్నారు. బల్ల కింద రవి కాలు నా కాలికి తగిలింది. మాట్లాడకమ్మా అని దానర్థం.

నేను ఒక గుల్ల తీసుకున్నాను. వేళ్లతోనే తిని, చిప్పల జంటని రెండు వేళ్ల మధ్య పట్టుకుని, దాంతో రెండోది పీకాను.

"ఫోర్కు ఉంది ఆంటీ" అంది అనూష.

"దీనికి అక్కర్లేదమ్మా. ఇదిగో, ఇలా."

"ఓ, క్యూట్. ఎక్కడ నేర్చుకున్నారు?"

"మా ఇంట్లో. మాది సున్నం బట్టీ."

విజయలక్ష్మిగారు నన్ను చూశారు, రవిని చూశారు. "బట్టీ అంటే... ఓనర్సా?"

"ఓనర్లమూ మేమే, కూలీలమూ మేమేనండి."

"రవి బిజినెస్ అన్నాడు" అన్నారు మురళిగారు మెల్లగా.

"అదీ నిజమేనండి అన్నయ్యగారూ. ఇప్పుడు నా తమ్ముడు సూరిబాబు చూసుకుంటున్నాడు. ఈ రోజుల్లో గోడలకి సున్నం ఎవరు వేస్తారు? రొయ్యల చెరువులకి పట్టుకెళ్తున్నారు. మరో మాట కూడా ఇప్పుడే చెబుతాను. పీటల మీద కూర్చునేది వాడూ, వాడి పెళ్లామూ."

"అమ్మా, బాబాయి అని చెప్పాం కదా" అన్నాడు రవి. గొంతు పెంచలేదు కానీ చెవులు ఎర్రబడ్డాయి.

"నువ్వు చెప్పేవు. నేను చెప్పలేదు. మీ నాన్నగారు మంచాన పడి లేవలేని రోజుల్లో మీ బాబాయి వచ్చేవారు. డాక్టరుతో ఇంగ్లీషులో మాట్లాడి, కాఫీ తాగి వెళ్లేవారు. ఆయన్నేం తప్పు పట్టను, ఆయన తీరు అది. సూరిబాబు బట్టీ మంగకి వదిలేసి వచ్చి మనింట్లో ఉండిపోయాడు. రోజూ మీ నాన్నగారిని ఎత్తి వరండాలో కూర్చోబెట్టేవాడు, స్నానం చేయించేవాడు. తన చేతులు గరుకని, బావగారి ఒళ్లు గీసుకుపోతుందని, చేతులకి మెత్తటి గుడ్డ చుట్టుకుని ఎత్తేవాడు. నువ్వు సెలవుకొచ్చినప్పుడు చూశావు కదరా ఆ గుడ్డలు. మీ నాన్నగారి స్థానంలో కూర్చోవాలంటే నాకు ఆ చేతులు కావాలి."

రవి పళ్లెం మీదికి తల వంచుకున్నాడు. విజయలక్ష్మిగారు నీళ్లు తాగి గ్లాసు పెట్టారు.

"సత్యవతిగారూ" అన్నారు. వదినగారు పోయి పేరు వచ్చింది. "నాకు అభ్యంతరమని కాదు. మావాళ్లు మాట్లాడతారు. మీకేం, పెళ్లయ్యాక ఫ్లయిటెక్కి ఇటొచ్చేస్తారు. బందరులో ఉండేది మా అక్కచెల్లెళ్లు."

"మాట్లాడతారు. ఆ మాట నేను కాదనను. మీకు బరువనిపిస్తే ఇప్పుడే చెప్పండి, నాకు కోపం రాదు. కానీ పీటల మీద మాత్రం వాడే."

"మమ్మీ, ఇట్స్ ఫైన్" అంది అనూష.

"నువ్వాగు. పీటలంటే ఏంటో తెలుసా నీకు?"

"చిన్న స్టూల్స్. కింద ఉంటాయి."

మురళిగారికి నవ్వాగలేదు. దగ్గులోకి మార్చుకున్నారు. విజయలక్ష్మిగారు చేతులు కడుక్కొస్తానని లేచి వెళ్లారు. వెళ్లిన మనిషి ఎంతకీ రాలేదు. ఆ కాసేపు నాకు చాలా పొడుగ్గా అనిపించిందని ఒప్పుకుంటాను. రవి పెళ్లి చెడితే వాడు నన్నేమీ అనడు, అదే నాకు కష్టం. అయినా వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు. అప్పుడు రవి తలెత్తి, మురళిగారితో, "అంకుల్, బాబాయికి నేను ఫోన్ చేసి చెబుతాను. అమ్మనడక్కుండా మాట ఇచ్చింది నేనే" అన్నాడు. ఆ తర్వాత ఒక గుల్ల తీసుకుని, చిప్పలతో పీకబోయి, బల్ల మీద జార్చాడు. అనూష చేసి చూపించింది. ఆ పిల్లకి ఒక్కసారికే వచ్చేసింది.

హోటల్ కుర్రాడొచ్చి ఖాళీ చిప్పలన్నీ ఒక గిన్నెలోకి ఊడ్చి పట్టుకుపోయాడు. చెత్తలోకి. నా చెయ్యి ఆగమని లేవబోయింది. మా ఇంట్లో చిప్ప సరుకు, మాంసం మిగులు. ఇక్కడ మాంసం సరుకు, చిప్ప చెత్త. మాకు ఊరికే వచ్చిన తిండిని ఇక్కడ మనుషులు మంచి బట్టలు కట్టుకుని, ముందే చెప్పి చోటు పట్టుకుని వచ్చి తింటున్నారు. తిండి అదే, నీళ్లలో దిగిన వీపులూ అవే. మారిందల్లా పక్కవాడు దాన్ని చూసే చూపే. చూపు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి వచ్చేసరికే ఇంత మారినప్పుడు, ఒక బల్ల ఇవతలి నుంచి అవతలికి ఎందుకు మారదని నాకు అక్కడ కూర్చునే అనిపించింది. అప్పట్లో మేం వాళ్ల పెళ్లిళ్లకి సున్నం ఇచ్చి గుమ్మం బయటి నుంచే వచ్చేసేవాళ్లం. ఆ గుమ్మాలు ఎవరూ వచ్చి తెరవరు. తోసుకుని వెళ్లాలి, వెళ్లి కూర్చోవాలి. మామ్మకి ఆ అవసరం లేదనిపించింది. నాకు ఉందనిపించింది.

విజయలక్ష్మిగారు తిరిగొచ్చేసరికి బాదంపప్పు కేకు వచ్చింది. ఆవిడ తన ముక్క కోసుకుని, నా పళ్లెంలోనూ ఒకటి పెట్టి, నా వైపు చూడకుండానే అడిగారు.

"పీటల మీద కూర్చునేవాళ్లకి బట్టలు మేం పెట్టాలి కదా. మీ తమ్ముడుగారు ఎన్ని మూరల పంచె కడతారు వదినగారూ?"

నాకు తెలియక కాదు, వాడి నోటే విందామని, "అడిగి చెబుతానండి" అన్నాను.

బయటికొస్తే గాలి మనిషిని నిలవనివ్వడం లేదు. రవి కారు తేవడానికి వెళ్లాడు. హోటల్ గోడకి ఆనుకుని సూరిబాబుకి ఫోన్ చేశాను. అక్కడ మధ్యాహ్నం, భోజనం వేళ.

"ఏం అక్కా, తిన్నావా?"

"గుల్లలు తిన్నాన్రా."

"అక్కడ కూడా దొరుకుతున్నాయేంటి?"

"పళ్లెంలో పెట్టి తెచ్చి ఇస్తారు. సరేగానీ, రవిగాడి పెళ్లికి పీటల మీద నువ్వూ మంగా కూర్చుంటున్నారు."

అవతల కంచం పక్కకి నెట్టిన చప్పుడైంది. ఎక్కడో కోడి అరవడం వినబడింది.

"బావగారి తమ్ముడున్నారు కదే" అన్నాడు చివరికి.

"ఉంటారు. ముందు వరసలో కుర్చీ వేయిస్తాను."

"అక్కా, నా చేతులు చూస్తే ఆళ్లు..."

"చూస్తార్రా. చూడనీ. ఎన్ని మూరల పంచె కడతావని ఆవిడ అడుగుతున్నారు. ఏం చెప్పమంటావు?"

ముక్కు చీదుకున్నట్టయింది. మంగని పిలిచాడు, పిలిచి ఏమీ చెప్పకుండానే పంపేశాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, పక్కన ఎవరైనా వింటారేమో అన్నట్టు అన్నాడు.

"పది మూరలని చెప్పు. జరీ అంచు పెడతామంటే మాత్రం వద్దనకు."